కంప్యూటర్ ఓనమాలు: ‘సిస్టమ్‌లో ఇంతే ఉంది’ అంటే ఏమిటి?



పోయిన వారం కీబోర్డు మీద ఏ మీట ఎందుకో చెప్పుకున్నాం. ఈ వారం కంప్యూటర్ లోపల పని ఎలా నడుస్తుందో చెబుతానని మాట ఇచ్చాను. పాఠం ఎక్కడ మొదలుపెట్టాలా అని ఆలోచిస్తుండగానే మా క్యాంపులో ఒక సంగతి జరిగింది. దాంతోనే మొదలుపెడతాను. అక్షరాలు రాని అన్నలు రూములో ఉంటే వాళ్లకు కూడా చదివి వినిపించండి. ఇది వాళ్లకూ పనికొచ్చే పాఠమే.

మా వరసలో నిజామాబాద్ తమ్ముడొకడు ఉన్నాడు. షట్టరింగ్ పని. జీతం పడిన రోజు సాయంత్రం స్లిప్పు పట్టుకుని నా దగ్గరికి వచ్చాడు.

“అన్నా, నెలంతా రోజుకు రెండు గంటలు ఓవర్‌టైమ్ చేసిన. ఇరవై ఆరు రోజులు చేసిన. గిదేంది, గింత తక్కువ పడ్డది?”

స్లిప్పు చూశాను. ఓవర్‌టైమ్ గంటలు 25 అని ఉంది. ఇరవై ఆరు రోజులు, రోజుకు రెండు గంటలంటే 52 కావాలి.

“ఆఫీసులో అడిగినవా?” అన్నాను.

“అడిగిన. ఆయన కంప్యూటర్ల చూసి, ‘సిస్టమ్ మే ఇత్నా హీ హై భాయ్’ అన్నడు. సిస్టమ్‌లనే అంత ఉన్నదంటే ఇగ నేనేమంట? వచ్చేసిన.”

ఆ ‘ఇగ నేనేమంట?’ అన్న మాట నన్ను కదిలించింది. ఫోర్‌మన్ తప్పు లెక్క చెబితే మనవాళ్లు ఊరుకోరు. కొట్టువాడు ఒక్క దిర్హామ్ ఎక్కువ వేస్తే నిలబెట్టి అడుగుతారు. కానీ ‘సిస్టమ్‌లో ఉంది’ అనగానే మాత్రం నోరు పడిపోతుంది. అదేదో దేవుడి రాత అన్నట్టు తిరిగి వచ్చేస్తాం. కంప్యూటర్ తప్పు చెప్పదని ఎవరో మన చెవిలో వేశారు. అది సగం నిజం. ఆ సగం నిజం ఏమిటో, మిగతా సగం ఏమిటో తెలుసుకోవడమే ఈ వారం పాఠం.

మెస్సులో వంట, కంప్యూటర్‌లో పని

కంప్యూటర్ ఎంత పెద్దదైనా, మన జేబులో ఫోను అయినా, చేసేది నాలుగే పనులు. మన మెస్సును తలుచుకోండి, తేలిగ్గా అర్థమవుతుంది.

మొదటిది, సరుకు లోపలికి రావడం. బియ్యం, పప్పు, ఉల్లిగడ్డ మెస్సులోకి వస్తేనే వంట. కంప్యూటర్‌లోకి కూడా ఏదో ఒకటి రావాలి. కీబోర్డుతో కొట్టిన అంకె, పంచింగ్ మిషన్ మీద పెట్టిన వేలు, ఫోను కెమెరాతో తీసిన ఫొటో, ఇవన్నీ లోపలికి వచ్చే సరుకు. దీన్ని ఇన్‌పుట్ అంటారు.

రెండవది, వండడం. వంటవాడు తనకు చెప్పిన పద్ధతిలో వండుతాడు. కంప్యూటర్‌లో ఈ పని చేసే భాగం పేరు ప్రాసెసర్. చెప్పిన పద్ధతి పేరు ప్రోగ్రామ్. ‘గంటలను గంట రేటుతో గుణించు, వచ్చినదాన్ని జీతానికి కలుపు’ అని ఒక మనిషి ముందే రాసి పెడితే అది అలాగే చేస్తుంది. సొంత తెలివితో ఒక్క మెతుకు కూడా అటూ ఇటూ చేయదు.

మూడవది, దాచడం. మెస్సులో పొయ్యి పక్కన గట్టు ఉంటుంది, వెనక స్టోర్ రూము ఉంటుంది. ఇప్పుడు వండుతున్న సరుకు గట్టు మీద, రేపటిది స్టోరులో. కంప్యూటర్‌లో గట్టు లాంటిది ర్యామ్, స్టోరు లాంటిది హార్డ్ డిస్కు. కరెంటు పోతే ర్యామ్‌లో ఉన్నదంతా పోతుంది. హార్డ్ డిస్కులోది ఉంటుంది. ‘సేవ్’ నొక్కడమంటే గట్టు మీదిది స్టోరులో పెట్టడమే. ఫోను కొనేటప్పుడు ‘ఎనిమిది జీబీ, నూట ఇరవై ఎనిమిది జీబీ’ అని రెండు అంకెలు చెబుతారు చూడండి. చిన్నది గట్టు, పెద్దది స్టోరు.

నాలుగవది, వడ్డించడం. తెర మీద కనిపించేది, ప్రింటరు నుంచి వచ్చే స్లిప్పు, ఏటీఎం నుంచి వచ్చే నోట్లు. దీన్ని అవుట్‌పుట్ అంటారు.

ఇప్పుడు చెప్పండి. పప్పులో రాయి వచ్చింది. వడ్డించినవాడిది తప్పా? పొయ్యిదా? పప్పు ఏరకుండా వేసినవాడిది. రాయి లోపలికి వెళ్లింది కాబట్టి రాయి బయటికి వచ్చింది. స్లిప్పు మీద తప్పు అంకె కనిపిస్తే అది స్లిప్పులో పుట్టలేదు. అంతకుముందు ఎక్కడో లోపలికి వెళ్లింది.

ఈ సంగతి కొత్తది కాదు. ఇంగ్లండులో ఛార్లెస్ బాబేజ్ అనే గణితజ్ఞుడు పందొమ్మిదో శతాబ్దంలోనే లెక్కలు చేసే యంత్రాలకు రూపకల్పన చేశాడు. కంప్యూటర్ చరిత్ర చెప్పేవాళ్లు ఆయన పేరు తప్పక చెబుతారు. 1864లో అచ్చయిన తన జీవితకథలో ఆయన ఒక ముచ్చట రాశాడు. యంత్రంలోకి తప్పు అంకెలు వేసినా సరైన జవాబు వస్తుందా అని పార్లమెంటు సభ్యులు తనను రెండుసార్లు అడిగారట. ఏ అయోమయంలో ఉంటే అలాంటి ప్రశ్న పుడుతుందో తన బుర్రకు అందలేదని ఆయన రాసుకున్నాడు. అంతంత చదువుకున్న పెద్దలకే ఆ అనుమానం వచ్చినప్పుడు మనకు రావడంలో సిగ్గుపడాల్సింది లేదు. వేప గింజ నాటి మామిడికాయ కోసం చూడకూడదు, అంతే.

దీపాలతో రాసిన అంకెలు

“సరే అన్నా, కానీ 52 ఎక్కడ, 25 ఎక్కడ! అంత తేడా ఉంటే కంప్యూటర్‌కు తెలియదా?” అని ఆ తమ్ముడే అడిగాడు. తెలియదు. ఎందుకు తెలియదో చూద్దాం.

కంప్యూటర్‌కు మనలాగా పది అంకెలు లేవు. రెండే. సున్నా, ఒకటి. కరెంటు లేదు, ఉంది. దీపం ఆరింది, వెలిగింది. అలాంటి ఒక్క దీపాన్ని బిట్ అంటారు. ఎనిమిది దీపాల వరసను బైట్ అంటారు.

మన క్యాంపు వరండాలో వరసగా ఎనిమిది బల్బులు ఉన్నాయనుకోండి. ఎడమ నుంచి ఒక్కోదానికి ఒక్కో విలువ: 128, 64, 32, 16, 8, 4, 2, 1. వెలిగిన వాటి విలువలు కూడితే అదే అంకె. 32, 16, 4 విలువల బల్బులు వెలిగితే మొత్తం 52. 16, 8, 1 విలువలవి వెలిగితే 25. కంప్యూటర్ భాషలో 52 అంటే 00110100. 25 అంటే 00011001. అన్నీ ఆర్పితే సున్నా, అన్నీ వెలిగిస్తే 255. అంటే ఒక్క బైట్‌లో 256 రకాలుగా దీపాలు పెట్టవచ్చు.

అక్షరాలు కూడా అంకెలే. ఇంగ్లీషు పెద్ద ‘ఏ’ అక్షరానికి 65 అని నంబరు ఇచ్చారు. మన ‘అ’ అక్షరానికి యూనికోడ్ అనే ప్రపంచ పట్టికలో 3077 నంబరు ఉంది, ‘ఆ’ కు 3078. అందుకే ఇవాళ మన ఫోనులో తెలుగు కనిపిస్తోంది. పాట అయినా, ఇంటి నుంచి వచ్చిన పాప ఫొటో అయినా, లోపల ఇలాంటి దీపాల వరసలే.

ఇక తమ్ముడి ప్రశ్నకు జవాబు. 52 కూడా దీపాల వరస, 25 కూడా దీపాల వరస. రెండూ దానికి ఒక్కటే. ఆ రెండు గంటలు ఎండలో నిలబడి పలకలు బిగించినవాడి చెమట ఆ దీపాల్లో ఉండదు. తనకు ఇచ్చిన 25ను సరిగ్గా గుణించి, సరిగ్గా దాచి, సరిగ్గా స్లిప్పు మీద వేసింది. అందుకే ‘కంప్యూటర్ తప్పు చెప్పదు’ అనేది సగం నిజం. దానికి చెప్పింది అది తప్పకుండా చెబుతుంది. దానికి చెప్పింది నిజమో కాదో మాత్రం దానికి తెలియదు.

మన పేరు కంటే మన నంబరు ముఖ్యం

వట్టి 52 అన్నామనుకోండి. అది గంటలా? రోజులా? సిమెంటు బస్తాలా? ఏమీ తెలియదు. ఇలాంటి వట్టి అంకెను డేటా అంటారు. ఫలానా మనిషి, ఫలానా నెల, ఓవర్‌టైమ్ గంటలు, 52 అని చెబితే అది సమాచారం అయింది. డేటాను వరసలో పెట్టి సమాచారంగా మార్చే ఏర్పాటునే ఇన్ఫర్మేషన్ సిస్టమ్ అంటారు. ఆఫీసులో ఆయన అన్న ‘సిస్టమ్’ ఇదే. అందులో మిషన్లు ఉంటాయి, ప్రోగ్రాములు ఉంటాయి, కాగితాలు ఉంటాయి, వాటిని కొట్టే మనుషులూ ఉంటారు. ఈ చివరి మాట గుర్తుపెట్టుకోండి. మనుషులు కూడా సిస్టమ్‌లో భాగమే.

ఈ సమాచారాన్ని కంప్యూటర్ గళ్ల పుస్తకంలా దాస్తుంది. నిలువు గడికి ఫీల్డ్ అని పేరు: పేరు ఒక ఫీల్డ్, నంబరు ఒక ఫీల్డ్, గంటలు ఒక ఫీల్డ్. అడ్డ వరసకు రికార్డ్ అని పేరు. ఒక మనిషికి ఒక రికార్డ్. ఇలాంటి పట్టికలు ఎన్నో కలిసి డేటాబేస్.

ఇప్పుడు చిక్కు ఎక్కడంటే, మా ఒక్క క్యాంపులోనే శ్రీనివాస్‌లు ఎంతమందో! కంప్యూటర్ ఏ శ్రీనివాస్ అని వెతకాలి? అందుకే ప్రతి మనిషికి ఇంకెవరికీ లేని ఒక నంబరు ఇస్తారు. దాన్ని కీ అంటారు. మీ ఎమిరేట్స్ ఐడీ తీసి చూడండి. 15 అంకెలు ఉంటాయి. మొదటి మూడు 784, అది ఈ దేశపు నంబరు. తర్వాతి నాలుగు మీరు పుట్టిన సంవత్సరం. ఆ తర్వాత ఏడు అంకెలు మీకు మాత్రమే చెందినవి. చివరి ఒక్క అంకె సంగతి కాసేపట్లో చెబుతాను.

పేరు విషయంలో మనవాళ్లు పడే బాధ కూడా ఇక్కడే ఉంది. గంగాధర్‌ను ఒకచోట ‘డి’ తర్వాత ‘హెచ్’ పెట్టి రాస్తారు, ఇంకోచోట ‘హెచ్’ లేకుండా రాస్తారు. చదివే మనకు ఇద్దరూ ఒక్కడే. కంప్యూటర్‌కు అవి రెండు వేరు వేరు దీపాల వరసలు, అంటే ఇద్దరు మనుషులు. అందుకే పాస్‌పోర్టులో ఎలా ఉందో బ్యాంకులో, ఐడీలో, ఇన్సూరెన్స్ కాగితంలో అచ్చంగా అలాగే ఉందా అని అక్షరం అక్షరం సరిచూసుకోండి. ఊళ్లో పిలిచే పేరు, ఇంటిపేరు ముందా వెనకా అన్నది కూడా చూసుకోండి. తేడా ఉంటే పని పడిన రోజున కాదు, ఇవాళే దిద్దించుకోండి.

పాస్‌పోర్టు అడుగున ఉన్న రెండు వరసలు

అయితే కంప్యూటర్ తప్పును ఎన్నడూ పట్టుకోలేదా అంటే, కొన్నింటిని పట్టుకుంటుంది. దానికి మనుషులు ఒక చక్కని ఉపాయం కనిపెట్టారు. అదే చెక్ అంకె.

మీ పాస్‌పోర్టు గాని, దాని జిరాక్స్ గాని తీయండి. (పాస్‌పోర్టు కంపెనీ దగ్గర పెట్టుకోవడం ఇక్కడి చట్టానికి విరుద్ధం. ఆ సంగతి ఇంకో వారం.) ఫొటో ఉన్న పేజీ అడుగున అక్షరాలు, అంకెలు, కోణం గుర్తులతో రెండు వరసలు ఉంటాయి. ఒక్కో వరసలో 44 గడులు. అవి కంప్యూటర్ చదవడానికి రాసినవి. ఎయిర్‌పోర్టు కౌంటర్‌లో పాస్‌పోర్టును మిషన్ మీద పెట్టేది వీటికోసమే.

రెండో వరస చూడండి. మొదట మీ పాస్‌పోర్టు నంబరు, ఒక కోణం గుర్తు, ఒక అంకె, తర్వాత ఐ ఎన్ డి అని మన దేశం పేరు. దాని పక్కన ఆరు అంకెలు మీ పుట్టిన తేదీ: ముందు సంవత్సరం, తర్వాత నెల, తర్వాత రోజు. ఆ ఆరు అంకెల వెంటనే ఉన్న ఏడో అంకె ఏమిటి? అదే చెక్ అంకె.

ఒక ఉదాహరణ చేద్దాం. 1985 జులై 15న పుట్టిన మనిషికి 850715 అని ఉంటుంది. ఈ ఆరు అంకెలను వరసగా 7, 3, 1, మళ్లీ 7, 3, 1తో గుణించాలి.

8ని 7తో గుణిస్తే 56.
5ని 3తో గుణిస్తే 15.
0ని 1తో గుణిస్తే 0.
7ని 7తో గుణిస్తే 49.
1ని 3తో గుణిస్తే 3.
5ని 1తో గుణిస్తే 5.

అన్నీ కూడితే 128. చివరి అంకె 8. పాస్‌పోర్టులో పుట్టిన తేదీ పక్కన 8 ఉండాలి. ఉంటే సరి. ఎవరైనా 85ని తిరగేసి 58 అని కొట్టారనుకోండి. అప్పుడు లెక్క 35, 24, 0, 49, 3, 5. మొత్తం 116. చివరి అంకె 6. పక్కనేమో 8 ఉంది. పొసగలేదు. వెంటనే మిషన్ ఒప్పుకోదు.

ఎమిరేట్స్ ఐడీలోని చివరి అంకె ఇలాంటిదే. లెక్క పద్ధతి వేరు, ఉద్దేశం ఒక్కటే. బ్యాంకు ఐబ్యాన్ నంబరు కూడా అంతే. యూఏఈ ఐబ్యాన్‌లో 23 గడులు ఉంటాయి. ఏ, ఈ అనే రెండు అక్షరాల వెంటనే వచ్చే రెండు అంకెలు చెక్ అంకెలే. నంబరులో ఒక అంకె తప్పు కొడితే చాలాసార్లు మిషన్ ‘చెల్లదు’ అనడానికి కారణం అదే.

చూశారా, ఇక్కడ కూడా కంప్యూటర్‌కు నిజం తెలియదు. మీరు ఏ రోజు పుట్టారో దానికి తెలియదు. ఒకే సంగతిని రెండు విధాలుగా రాసి పెట్టారు కాబట్టి, రెండూ పొసగుతున్నాయో లేదో మాత్రం చూడగలదు. తప్పు పట్టుకోవడానికి కావలసింది తెలివి కాదు, రెండో సాక్ష్యం.

మరి మన ఓవర్‌టైమ్ గంటల పక్కన అలాంటి చెక్ అంకె ఉందా? లేదు. 52 చెల్లుతుంది, 25 కూడా చెల్లుతుంది. టైమ్‌షీట్ గడిలో ఏది కొట్టినా మిషన్ సరే అంటుంది.

ఇక్కడ ఇంకొక మాట. యూఏఈలో 2009 నుంచి వేజ్ ప్రొటెక్షన్ సిస్టమ్ ఉంది, డబ్ల్యూపీఎస్ అంటాం. జీతం బ్యాంకు ద్వారానో ఎక్స్ఛేంజ్ ద్వారానో పడాలి, అది ప్రభుత్వం కంట్లో ఉండాలి అన్నది దాని ఉద్దేశం. ప్రతి జీతానికి కంపెనీ ఒక ఫైలు పంపుతుంది. అందులో ఒక్కో మనిషికి ఒక్కో రికార్డ్: మనిషి నంబరు, బ్యాంకు కోడ్, ఖాతా నంబరు, ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా, ఎన్ని రోజులు, స్థిరమైన జీతం ఎంత, నెలనెలా మారే డబ్బు ఎంత, సెలవు రోజులు ఎన్ని. మన ఓవర్‌టైమ్ డబ్బు ఆ ‘మారే డబ్బు’లోకి వస్తుంది. కానీ ఎన్ని గంటలు చేశామన్నది ఆ రికార్డులో ఉండదు. జీతం పడకపోతే ఆ సిస్టమ్ పట్టుకుంటుంది. 52కు బదులు 25 గంటల డబ్బు పడితే పట్టుకోవడానికి దాని దగ్గర రెండో సాక్ష్యం లేదు.

ఆ సాక్ష్యం మన దగ్గరే ఉండాలి.

ఆ తమ్ముడి లెక్క ఎలా తేలింది

ఆ తమ్ముడికి ఒక మంచి అలవాటు కొత్తగా అబ్బింది. ఆ నెల మొదటి తారీకు నుంచి దిండు కింద చిన్న పుస్తకం పెట్టుకుని, రోజూ బస్సు దిగగానే తేదీ, సైటు, ఓవర్‌టైమ్ గంటలు రాసుకున్నాడు. ఆ పుస్తకం పట్టుకుని మర్నాడు ఇద్దరం ఆఫీసుకు వెళ్లాం. ‘సిస్టమ్ తప్పు’ అని అనలేదు. ‘ఈ 25 ఏ కాగితం చూసి కొట్టారు, ఒకసారి చూపిస్తారా’ అని అడిగాం. అంతే.

ఆయన మంచివాడే. ఫైలు తీశాడు. ఫోర్‌మన్ సంతకం పెట్టిన టైమ్‌షీట్‌లో చక్కగా 52 ఉంది. కొట్టేటప్పుడు అంకెలు తిరగబడ్డాయి. వందలమంది గంటలు రాత్రి దాకా కూర్చుని ఒక్కడే కొడతాడు, చేయి తప్పింది. ఎవరో కావాలని చేశారని మేమూ అనలేదు. కావాలని చేసినా, చేయి తప్పినా, కంప్యూటర్‌కు తేడా తెలియదు. పట్టుకునే దారి కూడా రెండింటికీ ఒక్కటే.

ఎంత డబ్బు పోయిందో చూడండి. ఆ తమ్ముడి బేసిక్ 960 దిర్హాములు. మా కంపెనీలో నెలకు 30 రోజుల లెక్క. 960ని 30తో భాగిస్తే రోజుకు 32, ఎనిమిది గంటలతో భాగిస్తే గంటకు 4 దిర్హాములు. ఓవర్‌టైమ్‌కు నాలుగో వంతు కలిపితే గంటకు 5. యాభై రెండు గంటలకు 260 రావాలి. ఇరవై ఐదు గంటలకు 125 వచ్చింది. తేడా 135 దిర్హాములు. అది తర్వాతి నెల స్లిప్పులో కలిసి వచ్చింది.

ఇక్కడితో కథ సుఖాంతం అని రాస్తే బాగుండేది. కానీ అంతకుముందు రెండు నెలలు కూడా తక్కువే వచ్చిందని ఆ తమ్ముడికి అనుమానం. అప్పుడు పుస్తకం లేదు. ఎన్ని గంటలు చేశావని అడిగితే ‘శానా చేసిన’ అన్నాడు. టైమ్‌షీట్‌లు హెడ్డాఫీసుకు వెళ్లిపోయాయన్నారు. ఏ అంకెతో సరిపోల్చాలి? మేమేమీ అడగలేకపోయాం. పుస్తకం ఉన్న నెల డబ్బు వచ్చింది. పుస్తకం లేని నెలలది ఏమైందో తేలనే లేదు.

ఆఫీసులో అడగాల్సిన నాలుగు ప్రశ్నలు

కంప్యూటర్ చేసే పనులు నాలుగు అనుకున్నాం కదా. ‘సిస్టమ్‌లో అలా ఉంది’ అని ఎవరైనా అంటే ఆ వరసలోనే మర్యాదగా అడగండి.

ఒకటి: ఈ అంకె ఏ కాగితం నుంచి, ఏ మిషన్ నుంచి వచ్చింది? ఒకసారి చూపిస్తారా?

రెండు: లెక్క ఏ పద్ధతిలో చేశారు? బేసిక్ ఎంత పెట్టారు? ఓవర్‌టైమ్‌కు ఎంత కలిపారు?

మూడు: దిద్దిన అంకెను సేవ్ చేశారా? ఎక్కడెక్కడ దిద్దారు?

నాలుగు: దిద్దింది ఏ నెల స్లిప్పులో కనిపిస్తుంది?

రెండో ప్రశ్న అడగాలంటే చట్టం కాస్త తెలియాలి. యూఏఈలో 2022 ఫిబ్రవరి 2 నుంచి అమలులో ఉన్న కార్మిక చట్టం ప్రకారం మామూలు పని రోజుకు 8 గంటలు, వారానికి 48 గంటలు. ఆపైన చేసే ఓవర్‌టైమ్‌కు బేసిక్ మీద గంట రేటుకు కనీసం 25 శాతం కలపాలి. రాత్రి 10 నుంచి తెల్లవారుజామున 4 లోపు చేస్తే కనీసం 50 శాతం. షిఫ్టుల్లో పనిచేసేవాళ్లకు ఈ రాత్రి లెక్క వర్తించదు. మామూలుగా ఓవర్‌టైమ్ రోజుకు రెండు గంటలు దాటకూడదు.

ఆఫీసులో తేలకపోతే కార్మిక మంత్రిత్వ శాఖ, అంటే మోహ్రే, నంబరు 600590000. మన భారత ప్రభుత్వం నడిపే ప్రవాసీ భారతీయ సహాయతా కేంద్రం దుబాయిలో ఉంది, టోల్ ఫ్రీ నంబరు 80046342. అక్కడ కూడా మొదట అడిగేది ‘నీ దగ్గర ఏముంది?’ అనే.

ఈ వారం అభ్యాసం

మొదటిది, ఒక చిన్న పుస్తకం కొనండి. నిలువు గీతలతో నాలుగు గడులు గీయండి: తేదీ, సైటు, మామూలు గంటలు, ఓవర్‌టైమ్ గంటలు. రోజుకు ఒక అడ్డ వరస. నాలుగు ఫీల్డులు, రోజుకో రికార్డు. మీకు తెలియకుండానే మీరొక డేటాబేస్ తయారు చేసుకున్నట్టే. రాయడం రాని అన్నలు గంటకో గీత గీసినా చాలు.

రెండవది, వారానికి ఒకసారి ఆ పేజీని ఫోనులో ఫొటో తీయండి. నెలకొకసారి స్లిప్పును కూడా తీయండి. తీసి అదే ఫోనులో వదిలేయకండి. ఫోను పగిలినా, పోయినా, స్టోరు రూముతో సహా పోయినట్టు. ఆ ఫొటోలను ఇంటికి, అంటే భార్యకో తమ్ముడికో పంపి, తుడిచేయవద్దని చెప్పండి. ఒకే సంగతి రెండు చోట్ల దాచడాన్ని బ్యాకప్ అంటారు. పాస్‌పోర్టు, వీసా, ఐడీ, ఒప్పంద పత్రం కూడా ఇలాగే దాచుకోండి. కానీ ఏటీఎం పిన్ నంబరు, ఫోనుకు వచ్చే ఓటీపీ మాత్రం ఎవరికీ పంపవద్దు.

మూడవది, సరదాకు. మీ పాస్‌పోర్టులో పుట్టిన తేదీ పక్కన ఉన్న చెక్ అంకెను 7, 3, 1 పద్ధతితో లెక్కకట్టి చూడండి. సరిపోయిందా? పదో తరగతి తప్పిన మా రూము తమ్ముడొకడు రెండు నిమిషాల్లో కట్టి, రూములో అందరి పాస్‌పోర్టులూ సరిచూశాడు. ‘ఇంతేనా కంప్యూటర్!’ అన్నాడు. అవును, ఇంతే.

షట్టరింగ్ తమ్ముడి దిండు కింద ఇప్పుడు రెండో పుస్తకం నడుస్తోంది. మొదటిది నిండిపోయింది. అతన్ని చూసి వరసలో ఇంకో ఏడుగురు మొదలుపెట్టారు. పోయిన జీతం రోజున ఎనిమిదిమందీ మంచాల మీద కూర్చుని స్లిప్పు ఒక చేతిలో, పుస్తకం ఒక చేతిలో పట్టుకుని సరిచూసుకున్నారు. ఏడుగురివి సరిగ్గా ఉన్నాయి. ఒకరిది మూడు గంటలు తక్కువ. ఆయన మర్నాడు ఆఫీసుకు ఒక్కడే వెళ్లాడు, నేను వెంట వెళ్లాల్సిన అవసరం రాలేదు.

వచ్చే వారం ఏటీఎంలో కార్డు పెట్టినప్పటి నుంచి నోటు చేతికి వచ్చేదాకా ఏం జరుగుతుందో, డబ్బు రాకుండానే ఖాతాలో తగ్గితే ఏం చేయాలో చెప్పుకుందాం. మీకూ అలా జరిగి ఉంటే పత్రికకు ఉత్తరం రాయండి.

ఉంటాను.